ముఖపత్రముపై నల్లని ముఖము

(మన సంఘ ఆదివారపు సమావేశమున, మహిళా విభాగమువారి కోరికపై చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి తండ్రిగారి అంగడిలో కూర్చున్నవాడను. అద్దములు, దువ్వెనలు, గాజులు, రిబ్బనులు, ముఖమునకు పూసికొను పొడులు, క్రీములు అమ్ముకొని బ్రదుకువాడను. అట్టి నన్ను పట్టుకొని మన మహిళా విభాగమువారు, "అమెరికా పత్రికలలోను, సినిమా తారల లోకములోను నల్లజాతి స్త్రీలను ఎట్లు చూపుచున్నారో మీరు చెప్పవలెను" అని యడిగిరి. ఒక పెద్దాయన వెంటనే, "వ్యాసర్పాడిలో గణేశపురము సబ్‌వేలో నీరు నిలుచుటను గూర్చి మాటలాడవలసినవారము, న్యూయార్కు పత్రికలతో మనకేమి పని?" అనిరి. ఆ మాటయందు న్యాయము లేకపోలేదు. అయినను నేను ఒప్పుకొంటిని. ఏల ఒప్పుకొంటినో చివర చెప్పెదను; అది నా తప్పునకు సంబంధించిన సంగతి.

ముందుగా మన యూరి పేరునుండియే మొదలుపెట్టెదను. ఇచ్చటి రవీశ్వరస్వామి ఆలయమున వ్యాసమహర్షి పూజ చేసెననియు, అందుచేతనే ఈ చోటికి వ్యాసర్పాడి యని పేరు వచ్చెననియు ఐతిహ్యము. చరిత్రకారులు దీనిని ఒప్పుకొందురో లేదో నాకక్కరలేదు. పేరు మాత్రము వ్యాసునిది. ఆ వ్యాసుని అసలు పేరేమి? కృష్ణద్వైపాయనుడు. ద్వీపమున పుట్టినందున ద్వైపాయనుడు, నల్లనివాడగుటచే కృష్ణుడు. ఆయన తల్లి సత్యవతికి కాళి యని పేరు. ఆమెయు నలుపే. ఆమె చేపలు పట్టు పల్లెలో పెరిగి, పడవ నడపి, పిమ్మట హస్తినాపురమునకు రాణి యయ్యెను. అంబిక వ్యాసుని రూపము చూడజాలక కన్నులు మూసికొన్నందున పుట్టినవాడు గ్రుడ్డివాడయ్యెనని భారతము చెప్పుచున్నది. నల్లని ముఖము ఎదుట కన్నులు మూసికొనుటవలన ఒక వంశమునకే చీకటి గ్రమ్మినదని ఆ కథకు అర్థము చెప్పికొనవచ్చునని నాకు తోచును. పండితులు నవ్వినను సరే.

ద్రౌపది పేరును కృష్ణయే. ఆమె మేనిచాయ నలుపని భారతమే చెప్పుచున్నది. ఇక మా అంగడి గోడకు వ్రేలాడు క్యాలెండరులోని ద్రౌపదిని చూడుడు: పాలవలె తెల్లన. రవివర్మగారి పటములు 1894 తరువాత అచ్చుయంత్రమునుండి ఇంటింటికి వచ్చినది మొదలు మన దేవతలందఱును, రాణులందఱును ఒకే చాయకు మారిరి. కృష్ణునకును రామునకును నీలిరంగు దొరకినది. పురుషుడు గనుక నలుపును నీలముగా మార్చి మర్యాద నిలిపినారు. ద్రౌపదికి ఆ మర్యాదయు దక్కలేదు, ఆమెకు సున్నము కొట్టిరి. ఓరుగల్లు ప్రాంతమున రామప్ప గుడి చూచినవారు మీలో ఉందురు. 1213లో కట్టిన ఆ గుడిలో కాకతీయుల శిల్పులు చెక్కిన మదనికలు నిగనిగలాడు నల్లరాతివారు. వారి యందమునకు లోపము కలదని ఎనిమిది వందల యేండ్లుగా ఎవ్వరును అనలేదు. 2021లో యునెస్కోవారును ఆ గుడికి ప్రపంచ వారసత్వపు గౌరవమిచ్చిరి. రాతియందు మెచ్చుకొన్నదానిని పిల్లయందు మెచ్చుకొనలేకపోవుట మన చిత్రము. "నలుపు నారాయణుడు మెచ్చు" అని సామెత యున్నది గదా; నారాయణుడు మెచ్చునే గాని పెండ్లిచూపులకు వచ్చినవారు మెచ్చరు.

ఇప్పుడు అమెరికాకు పోవుదము. అందున్న నల్లజాతివారు ఆఫ్రికానుండి ఓడలలో బానిసలుగా తేబడినవారి సంతతి. వారి కష్టమును మన కష్టమును ఒకే తక్కెడలో తూచుట తప్పు. నేనట్లు తూచుట లేదు. కాని ఒకరి యింట దీపము వెలిగించినప్పుడు ప్రక్కయింటి గోడయు కొంత కనబడును.

1940లో హాటీ మెక్‌డానియల్ అను నల్లజాతి నటి ఆస్కారు బహుమానము పొందెను. ఆ జాతిలో ఆ బహుమానము పొందిన మొదటి వ్యక్తి ఆమెయే. ఏ పాత్రకు? తెల్లవారి యింటి దాసి పాత్రకు. బహుమానపు విందులో ఆమెను తోటి నటులతో కూర్చుండనీయక గోడప్రక్కన చిన్న బల్లయొద్ద కూర్చుండబెట్టిరి. పాత్రయు మూలనే, కుర్చీయు మూలనే!

పత్రికల సంగతి నాకు మఱింత ఆసక్తి కలిగించినది, ఏలయన అందులో వ్యాపారము కలదు. వోగ్ అను వేషభూషల పత్రిక అమెరికాలో 1892లో పుట్టినది. దాని అమెరికా ముఖపత్రముపై నల్లజాతి స్త్రీ బెవర్లీ జాన్‌సన్ మొదటిసారి కనబడినది 1974 ఆగష్టులో. ఎనుబదిరెండేండ్లు పట్టినది. అంతకుముందు 1966లో బ్రిటిషు వోగ్ డోన్యేల్ లూనా అను ఆమెను వేసినది గాని, వ్రేళ్ళు ముఖమును చాలవఱకు కప్పగా ఒక కన్ను మాత్రమే స్పష్టముగా కానవచ్చునట్లు పటము తీసిరి. "నల్ల ముఖము వేసిన సంచిక అమ్ముడుపోదు" అను మాట ఆ వ్యాపారములో చాలకాలము నడచినది. ఈ మాట వినగానే నాకు మా వీధి గుర్తునకు వచ్చినది. "ఈ సరుకు ఇచ్చట పోదు" అని మేమును అందుము. అంగడిలో పెట్టి చూడకయే అందుము. పెట్టని సరుకు ఎట్లు పోవును?

ఆ మాటను అబద్ధము చేసినవాడు ఒక వర్తకుడే. జాన్ జాన్‌సన్ అను నల్లజాతి యువకుడు 1942లో చికాగో నగరమున పత్రిక పెట్టదలచి అప్పు దొరకక, తల్లి తన యింటి సామాను తాకట్టు పెట్టగా వచ్చిన 500 డాలర్లతో మొదలుపెట్టెను. 1945 నవంబరులో ఎబొనీ యను పత్రికను తెచ్చెను. నల్లజాతి డాక్టర్లు, గాయనులు, పెండ్లికూతుండ్రు, ఆటగాండ్రు అందు ముఖపత్రముపై నిలిచిరి. తెల్లవారి కంపెనీలు ప్రకటన లీయకుండగా ఆయన జెనిత్ రేడియో కంపెనీ అధిపతియొద్దకు స్వయముగా పోయి మాటలాడి ప్రకటన సంపాదించెను. ఆయన భార్య యూనిస్ 1958లో ఊరూర వేషభూషల ప్రదర్శనలు నడిపించెను. ఆ ప్రదర్శనల యువతులు తమ చాయకు తగిన ముఖపు రంగు అంగళ్ళలో దొరకక రెండుమూడు సీసాలు కలిపికొనుట చూచి, 1973లో వారి కుటుంబము తగిన రంగులనే తయారుచేసి అమ్మసాగెను. 2017లో రిహానా యను గాయని 40 చాయలతో ముఖపు రంగు తెచ్చి లోకమును ఆశ్చర్యపరచినదని మన పిల్లలు చెప్పుదురు. దానికి విత్తనము నాడే పడినది.

అయితే ఇందొక చేదు కలదు. ఆ ఎబొనీ పత్రికలోనే పుటలు త్రిప్పగా చర్మము తెల్లబరచు క్రీముల ప్రకటనలు ఉండెడివి! ముఖపత్రముపై నల్లని అందగత్తె, లోపలి పుటలో నలుపు పోగొట్టు సీసా. పత్రిక నడువవలెనన్న ప్రకటన కావలెను గదా. జాన్‌సన్‌గారిని నేను నిందింపజాలను. నా గల్లాపెట్టె ప్రక్కనే ఆ సీసాలు వరుసగా నిలిచియున్నవి.

ఫొటో సంగతి యొకటి చెప్పవలెను. రంగుల ఫొటోలు కడుగునపుడు రంగు సరిగా వచ్చినదో లేదో చూచుటకు కొడాక్ కంపెనీవారు ఒక తెల్లజాతి యువతి పటమును అచ్చు కార్యశాలల కెల్ల పంపెడివారు. షర్లీ కార్డని దాని పేరు. ఆమె ముఖము సరిగా వచ్చిన చాలు, అన్నియు సరియే యని లెక్క. నల్లని పిల్ల తెల్లపిల్లలతో కూర్చుండి పటము తీయించుకొన్నచో పండ్లును కన్నుల తెలుపును తప్ప ముఖము చీకటిలో కలసిపోయెడిది. నల్లతల్లుల మొఱలు చాలకాలము వినబడలేదు. కొయ్యసామాను అమ్మువారును, చాకొలెట్టు అమ్మువారును "మా సరుకు చాయలు ఫొటోలో తెలియుట లేదు" అని ఫిర్యాదు చేసిన తరువాత కంపెనీవారు గట్టిగా ఆలోచించిరట. పలుజాతుల స్త్రీలతో కార్డు వచ్చునప్పటికి 1990 దాటినది. మన పెండ్లిఫొటోలలో పెండ్లికూతురి ముఖము ఏల అంత తెల్లగా వెలిగించుదురని నేను ఫొటోగ్రాఫరు నడిగినప్పుడు, "తెల్లగా లేకుంటే డబ్బులివ్వరు సెట్టిగారూ" అనెను.

2010లో గబోరీ సిడిబే యను నటి ముఖమును ఎల్ పత్రిక ముఖపత్రముపై తేలికపరచి వేసిరని గొప్ప గొడవ పుట్టినది, పత్రికవారు కాదనిరి. 2017లో ఇంగ్లండునందలి గ్రాజియా పత్రిక ముఖపత్రముపై లుపితా న్యోంగో యను నటి జుట్టు వెనుకభాగమును తీసివేసి, మిగిలినదానిని నున్నగా దిద్దిన పటము వచ్చెను. ఆమె ఊరకుండలేదు, మార్పునకు ముందటి పటమును బయటపెట్టెను. పత్రికవారును ఫొటోగ్రాఫరును క్షమాపణ చెప్పిరి. ఈ లుపితా కెన్యాదేశపు కుటుంబములోనిది, 2014లో ఆస్కారు పొందినది. ఆ యేడే ఎసెన్స్ అను నల్లజాతి స్త్రీల పత్రికవారి సభలో ఆమె తన బాల్యమును గూర్చి చెప్పిన సంగతి విన్నప్పుడు నాకు గొంతు పట్టినది. చిన్ననాడు ప్రతిరాత్రి "తెల్లవారునప్పటికి నా చర్మము తెల్లబడవలెను" అని దేవుని వేడుకొని, పొద్దున లేచి అద్దము చూచికొని నిరాశపడెడిదట. పిమ్మట సూడాను దేశమునకు చెందిన అలెక్ వెక్ అను కారునలుపు యువతి పత్రికలలో కనబడినప్పుడు, తనవంటి ముఖము అందమైనదని లోకము ఒప్పుకొనుట చూచి, ఆమెకు తన ముఖముపై నమ్మకము చిగిర్చెనట. ఒక ముఖపత్రము ఎంతపని చేయునో చూడుడు.

మన పిల్లలు దేవుని అట్లు వేడుకొనరా? వేడుకొనుట కాదు, మా అంగడికి వచ్చుచున్నారు.

ఇక మన తెలుగుపిల్ల కథ. నీనా దావులూరి తలిదండ్రులు విజయవాడవారు. ఆమె అమెరికాలో పుట్టినది, కూచిపూడి నేర్చినది. 2013 సెప్టెంబరు 15న మిస్ అమెరికా కిరీటము పొందెను. ఆ పోటీకి పూర్వము "తెల్లజాతివారే యుండవలెను" అను నిబంధన యుండెడిది. 1970 వఱకు నల్లజాతి పిల్ల ఆ వేదిక నెక్కలేదు. 1983లో వెనెస్సా విలియమ్స్ కిరీటము పొందిన మొదటి నల్లజాతి యువతి. భారతీయ సంతతివారిలో మొదటిది మన నీనా. ఆ రాత్రియే అమెరికాలో కొందఱు ఆమెను అరబ్బు అనిరి, ఉగ్రవాది యనిరి, "ఈమె అమెరికనేనా?" అని దుర్భాషలాడిరి. అది వారి జబ్బు. మన జబ్బేమి? మన దేశపు పత్రికలు సంతోషించుచునే ఒక మాట వ్రాసినవి: ఈ చాయతో ఈ పిల్ల ఇండియాలో అందాల పోటీలో నెగ్గియుండదని. తెల్లదేశము ఆమెను అన్యురాలని త్రోసినది. ఆమె తాతలదేశము ఆమె నల్లదని పెదవి విఱిచినది. ఆ రెండు తలుపుల నడుమ నిలిచి ఆ పిల్ల చిరునవ్వు చెడగొట్టుకొనలేదు. 2020లో చర్మము తెల్లబరచు క్రీముల అమ్మకము మాన్పుమని ఆ కంపెనీని బహిరంగముగా కోరెను. విజయవాడ బంధువులు, మన పత్రికలు "తెలుగుబిడ్డ" యని మురిసినవి. మురియుట మంచిదే. కాని అదే చాయగల పిల్ల మన వీధిలో డిగ్రీ చదివి పెండ్లిచూపులకు కూర్చున్నచో "పిల్ల చదువుకున్నదే, కాని కొంచెము..." అని ఆగిపోవుదుము. ఆ "కొంచెము" తరువాతి మాటను ఎవ్వరును పూర్తిచేయరు, ఆ పిల్ల మాత్రము పూర్తిగా వినును.

సినిమాల మాటకు వత్తము. చెన్నపట్టణములో కాపురమున్న మనకు రెండు భాషల సినిమాలును సొంతమే. 2007లో వచ్చిన "శివాజీ" చిత్రములో ఇద్దరు నల్లని అక్కచెల్లెండ్రను నవ్వులాటకు తెచ్చిరి. వారు కనబడిన చాలు హాలంతయు నవ్వెను. నేనును నవ్వితిని. నా ప్రక్కన మా అన్నగారి పెద్దపిల్ల కూర్చుండియున్నది. ఆమె నవ్వలేదన్న సంగతి ఇంటికి వచ్చినపిమ్మట మా ఆవిడ చెప్పువఱకు నాకు తెలియదు. ఆమె చామనచాయకు ఒక మెట్టు క్రిందనుండును.

కథలో నల్లపిల్లయే నాయికగా నుండవలసివచ్చినచో ఏమి చేయుదురు? తెల్లపిల్లకు మసి పూయుదురు. 2018లో "రంగస్థలం"లో పల్లెపిల్లగా నటించుటకు సమంతకు చాయ తగ్గించిరి. 2021లో "పుష్ప"లో రష్మికకును అట్లే. మన యిండ్లలో 2017 మొదలు 2023 వఱకు దీపాలవేళ "కార్తీక దీపం" చూడనివారు ఎంతమంది? వంటలక్క దీప నలుపు కారణముగా పడిన బాధలకు మన ఆడవారందఱును కంట తడిపెట్టిరి. ఆ పాత్ర వేసిన ప్రేమీ విశ్వనాథ్‌గారు మంచి నటి, ఆమెను తప్పుపట్టను. కాని ఆమె సహజముగా అంత నల్లనామె కాదు, రంగు పూసిరి. నల్లదానవని అవమానించుట తప్పని చెప్పు కథకును నల్లని నటి పనికిరాలేదు! అమెరికాలో తెల్లవారు ముఖమునకు మసి పూసికొని నల్లవారివలె ఆడుటను నేడు సిగ్గుచేటుగా ఎంచుచున్నారు. మనకు అది మేకప్పు నైపుణ్యము. 2020లో "కలర్ ఫొటో" యను చిత్రము వచ్చినది, జాతీయ పురస్కారమును పొందినది, రంగు వివక్షను సూటిగా చూపినది. చూడవలసిన చిత్రమే. అందు నల్లనివాడు నాయకుడు, నాయిక తెల్లనిది. తారుమారు చేసి తీయు ధైర్యము ఎవరికి ఎప్పుడు వచ్చునో చూడవలెను.

సినిమా లోకములో ఒకటి రెండు మంచిమాటలును చెప్పవలెను గదా. మనకు "ఫిదా"తో పరిచితురాలైన సాయిపల్లవి ముఖము తెల్లబరచు క్రీము ప్రకటనకు పెద్దమొత్తము ఇత్తుమన్నను ఒల్లనంటినని 2019లో స్వయముగా చెప్పెను. మన చెన్నైలోనే 2009లో విమెన్ ఆఫ్ వర్త్ అను సంస్థవారు "డార్క్ ఈజ్ బ్యూటిఫుల్" అను ఉద్యమమును మొదలుపెట్టిరి. 2013లో నటి నందితా దాస్ దానికి గొంతు కలిపెను. ఆ మఱుసటి యేడు ప్రకటనల ప్రమాణమండలివారు, నల్లనివారు పెండ్లికిని ఉద్యోగమునకును పనికిరానట్లు ప్రకటనలలో చూపరాదని నియమము చేసిరి.

ఇప్పుడు నా అంగడి. తెల్లబరచు క్రీములలో పెద్దదైన ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో బజారునకు వచ్చినది. నేను గల్లాలో కూర్చొనునప్పటికి అది ఉప్పు పప్పువలె నడచుచుండెను. ట్యూబు కొనలేనివారికి చిన్న పొట్లములు వచ్చినవి. మన చాకిరేవు వీధి పిల్లలు, పనిపాటలు చేయు ఆడవారు వారమున కొక పొట్లము కొనెడివారు. 2020లో అమెరికాలో జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతీయుని పోలీసు మోకాలితో మెడ నొక్కి చంపినప్పుడు లోకమంతయు అట్టుడికినది. ఆ వేడి ఇచ్చటి ట్యూబు వఱకు వచ్చినది. ఆ యేడు కంపెనీవారు "ఫెయిర్" అను మాట తీసివేసి "గ్లో" అని మార్చిరి. పెండ్లిసంబంధముల వెబ్‌సైటు ఒకటి చాయను బట్టి వెదకు ఏర్పాటును తీసివేసినది. మంచిదే. అయితే మా అంగడికి వచ్చువారు పాతపేరే అడిగిరి, నేను క్రొత్త ట్యూబే ఇచ్చితిని, ఇరువురమును ఒకరినొకరు అర్థము చేసికొంటిమి.

పెద్ద కంపెనీల ట్యూబులకంటె భయంకరమైనవి, చీటీ సరిగా లేని డబ్బాలు. ఏ ఊరిలో చేసిరో, ఏమి కలిపిరో తెలియదు. "వారములో తేడా" అని అమ్ముదురు. నిజముగనే తేడా కనబడును, అందులోనే అపాయము. కొన్నిటిలో పాదరసము కలియును. కొన్నిటిలో డాక్టరు చీటీ లేక అమ్మరాని స్టీరాయిడు మందులు కలియును. 2023లో కేరళలోని మలప్పురము జిల్లాలో ఇట్టి క్రీములు పూసికొన్నవారికి మూత్రపిండములు చెడినట్లు డాక్టర్లు కనుగొనిరి. అది చదువుటకు ముందే నాకు పాఠము దొరకినది. టోకుబజారునుండి నేనే తెచ్చి అమ్మిన ఒక డబ్బా పూసికొని, మనకు బాగుగా తెలిసిన కుటుంబములోని పిల్ల ముఖము నిప్పుసోకినట్లు ఎఱ్ఱబడి పొలుసులు లేచినది. పెండ్లిచూపులకు పది దినములున్నవని వారి అమ్మ అడిగి మరీ కొనినది. ఆ తల్లి నాతో జగడమాడలేదు. "అన్నా, నేనే కదా అడిగినది" అని కన్నీరు పెట్టుకొనినది. జగడమాడియున్న నాకు తేలికగా నుండెడిది. మిగిలిన డబ్బాలను తీసి పారవేసితిని. తెల్లబరచు క్రీములన్నియు అమ్ముట మానితినని చెప్పినచో అబద్ధమగును. పెద్ద కంపెనీలవి ఇప్పటికిని అమ్ముచున్నాను; అడిగినవారికి ఇచ్చుచున్నాను, నేనుగా చూపుట మాత్రము మానితిని. గల్లా ప్రక్కనుండి వెనుక అరకు మార్చితిని. అమ్మకము కొంత తగ్గినది. నా భార్య దీనిని సగము ధర్మమనును.

ఈ నలుపు మాటలో మఱియొకటి కలదు, దానిని దాటిపోరాదు. మనలో "ఎఱ్ఱగా బుఱ్ఱగా ఉన్నాడు" అనుటలో మెచ్చుకోలు కలదు. "నల్లగా, వాడలాగా" అనుటలో కులము కలదు. ఎండలో పనిచేసినవాని చాయను చూచి వాని పుట్టుకను లెక్కగట్టుట మనకు తరతరాల అలవాటు. బకింగ్‌హాం కర్ణాటిక్ మిల్లులో పనికి వచ్చిన మన తాతలలో తెల్లనివారు ఎందఱు? 1996లో ఆ మిల్లు మూతపడినది, తాతలు పోయిరి, వారి చాయ మాత్రము మన పిల్లల ముఖములపై నిలిచియున్నది. దానిని తుడుచుటకు మనము వారమున కొక పొట్లము కొనుచున్నాము. హైదరాబాదులో ఏసీ గార్డ్సు అను పేట కలదు. నిజాముగారి ఆఫ్రికా ఆశ్వికదళమువారి పేట. వారి సంతతివారు అచ్చట తరతరములుగా కాపురమున్నారు. నల్లజాతివారనగా ఎచ్చటనో అమెరికాలో ఉన్నవారే యని అనుకొననక్కరలేదు.

ఇక నేను ఈ ప్రసంగమునకు ఏల ఒప్పుకొంటినో చెప్పెదను.

గడచిన ఉగాదికి మనము వెలువరించిన ప్రత్యేక సంచిక మీ యందఱి యిండ్లలోను ఉన్నది. ముఖపత్రముపై ముగ్గురు పిల్లలు, నడుమ తెలుగుతల్లి వేషములో ఒక అమ్మాయి. మొదట ఆ వేషమునకు ఎన్నికైనది ఆమె కాదు. పద్యము చక్కగా చదువు, స్వరము గల, నాటకమంతయు ఒంటిచేతిపై నడపిన పిల్ల వేరొకతె. ఆమె నలుపు. కార్యవర్గములో ఒకరు "తెలుగుతల్లి అట్లుండునా?" అనిరి. ఎవ్వరనిరో చెప్పను, ఏలయన అందఱమును తల ఊపితిమి, అందఱికంటె ముందు ఊపినది నేను. ఆమెకు దీపము పట్టుకొను వేషమిచ్చి ప్రక్కన నిలిపితిమి. తెలుగుతల్లి ఎట్లుండునో మనలో చూచినవారెవరు? పొలములో నాట్లువేయు తల్లి, ఉప్పుమళ్ళలో పనిచేయు తల్లి, మిల్లు గేటు ఎదుట అన్నపు క్యారియరు పట్టుకొని నిలిచిన తల్లి ఏ చాయలో ఉండును?

అంతటితో పోలేదు. ముఖపత్రము అచ్చగునప్పుడు కంప్యూటరు ముందున్న కుఱ్ఱవాడు, ఎవ్వరును చెప్పకయే, ప్రక్కన నిలిచిన ఆ పిల్ల ముఖమును తెల్లబరచెను. "మూడు ముఖములు ఒకటిగా ఉంటే అందముగా ఉంటుంది గదా సార్" అనెను. నేను ప్రూఫు చూచి సంతకము చేసితిని. సంచిక వచ్చిన దినమున ఆ పిల్ల నాయనమ్మ కన్నులద్దము పెట్టుకొని చాలసేపు చూచి, "మా పిల్లను వేస్తామన్నారే, ఏది?" అని యడిగినది. చూపితిని. "ఇది మా పిల్ల కాదు" అనినది. అమెరికా పత్రికలు పెద్ద పెద్ద నటులకు చేసిన పనిని వ్యాసర్పాడిలో మన సంఘము వేయి ప్రతులలో ఒక కూలివాని బిడ్డకు చేసినది. వారు క్షమాపణ చెప్పిరి. మనము చెప్పలేదు.

నేను ఆ యింటికి పోయి చెప్పివచ్చితిని. అది నా సొంత సంగతి. సంఘము తరఫున చేయవలసినవి రెండు. మొదటిది: మన వారపత్రికలో వధూవరుల ప్రకటనలలో "తెల్లని", "ఎఱ్ఱని", "మంచి రంగు" అను మాటలను ఇకపై అచ్చు వేయరాదని నా ప్రతిపాదన. ప్రకటనకు డబ్బు కట్టినవారు కోపగించుకొందురు, కొందఱు మానుదురు. ఆ నష్టము ఏడాదికి ఎంత యగునో కోశాధికారిగారు లెక్క కట్టియున్నారు, అది మోయదగినదే. దీనిపై రాబోవు కార్యవర్గ సమావేశములో ఓటు తీసికొందురు. వ్యతిరేకించువారు తప్పక రావలెను. ఇంటివద్ద గొణుగుటకంటె ఇచ్చట చెప్పుట మేలు.

రెండవది ఓటు అక్కరలేనిది. ఆ పిల్ల పటము అసలు ప్రతి ఫొటోగ్రాఫరువద్ద నున్నది, తెచ్చియున్నాను. ఆమెయు, ఆమె తలిదండ్రులును అనుమతించిరి. పేరు మాత్రము వేయవలదనిరి. వచ్చువారపు సంచిక మొదటి పుటలో అది పడును. అచ్చుకుఱ్ఱవానితో చెప్పియుంచితిని, ముఖమును ముట్టవలదని. ప్రూఫును ఈసారి ఆమె నాయనమ్మకు చూపి, ఆమె సరే యన్న తరువాతనే సంతకము చేసెదను.